పాలబండిలో వచ్చిన కార్డు

హర్తాల్ రోజున పాల సంఘం ఆఫీసులో ఉండేది ముగ్గురే అనేవాడు భార్గవన్: గేటు దగ్గర కావలివాడు, లోపల రౌటరు, రౌటరు దగ్గర తాను. రౌటరును కూడా మనుషుల లెక్కలోనే వేసేవాడు. ఆ గురువారం నాలుగో మనిషిగా నిమిష వచ్చింది.

పెద్ద రోడ్డు మీద రాళ్లు అడ్డం పెట్టారని రిజేష్ ఆమెను స్కూటరు మీద రబ్బరు తోటల సందుల్లోంచి తీసుకొచ్చి దింపాడు. పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఆమె భోజనం డబ్బా మొట్టమొదటిసారి అతనే సర్దాడు. మూత తీసి చూడొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. గేటు దాటి లోపలికి నడుస్తుంటే వాన సన్నగా పడుతోంది. డబ్బా అడుగు ఇంకా వేడిగా ఉంది. ఆ వేడి అరచేతికి తగులుతుంటే నిమిషకు ఊరికే నవ్వొచ్చింది.

"నవ్వుకుంటూ వచ్చే ఉద్యోగిని ఈ ఆఫీసులో ఇదే మొదలు చూడటం" అన్నాడు భార్గవన్, బీడీ ఆర్పేసి. "హర్తాల్ నీకు కూడా పండగేనా మోళే?"

"మీకెందుకు పండగ చేట్టా?" అంది నిమిష. ఆమెకు అతను చేట్టన్, అంటే అన్న; అతనికి ఆమె మోళ్, అంటే కూతురు.

"ఊరంతా మూతపడితేనే కదా మనం రౌటరు కడుపు కోయగలిగేది."

నలభై కేంద్రాల్లో పాలు పోసినప్పుడల్లా కొలత, వెన్న శాతం ఈ ఒక్క రౌటరు గుండానే ఆఫీసుకు చేరతాయి. పొద్దున ఏడింటికి, సాయంత్రం అయిదింటికి. పాలకు హర్తాల్ లేదు. కాని ఆఫీసు పనులేవీ ఉండవు కనుక ఆ మధ్యలో దాన్ని కాసేపు ఆపొచ్చు. వచ్చే నెల కొత్తగా చేరే ఆరు కేంద్రాల కోసం దాని సాఫ్ట్‌వేర్ మార్చాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఉండేది రౌటరు వెనక చిన్న మూత కింద, అగ్గిపెట్టంత మెమరీ కార్డులో.

పని పద్ధతి భార్గవన్ ఆమెకు ముందురోజే చెప్పాడు. ముందు కార్డులో ఉన్న పాతదాన్ని ల్యాప్‌టాప్‌లోకి తీసి దాచుకోవాలి. ఆ తర్వాతే కొత్తదాన్ని కార్డులోకి పంపాలి. "కొత్త పెళ్లికూతురు వచ్చిందని అత్తగారిని వీధిలోకి గెంటుతామా? ముందు ఆవిడకో గది చూపించాలి" అని నవ్వించాడు.

తొమ్మిదిన్నరకు అతను బ్యాటరీల్లో నీళ్లు పోయడానికి మెట్ల కిందికి వెళ్లాడు. అతను వచ్చేలోపే పని ముగించి చూపించాలని నిమిషకు సరదా పుట్టింది. కేబుల్ తగిలించింది. ఆజ్ఞ టైపు చేసింది. అప్పుడే ఫోను మోగింది. రిజేష్ మెసేజ్: పప్పుకు ఎన్ని విజిల్స్? ఎడమ చేత్తో 'మూడు' అని కొడుతూనే, తెర మీద వచ్చిన ప్రశ్నకు కుడి చేత్తో ఎంటర్ నొక్కింది.

ఆ ప్రశ్న, కొత్తదాన్ని పంపే ముందు కార్డులో ఉన్నదంతా చెరిపెయ్యమంటావా అని.

తెర మీద వరసగా చిన్న 'e' అక్షరాలు పరుచుకోసాగాయి. చెరిపిన ప్రతి ముక్కకూ ఒక e. నిమిష తల ఎత్తేసరికి రెండు వరసలు నిండాయి. ఆపే మీట ఏదో ఆమెకు తెలుసు, కాని వేళ్లు దాని మీదికి వెళ్లలేదు. చెరపడం అయిపోయి, కొత్తది లోపలికి వెళ్తున్న గుర్తుగా ఆశ్చర్యార్థకాల వరస మొదలైంది. ముప్పావు వంతు దాకా వెళ్లి ఆగింది. కార్డు మొత్తం ఖాళీ అయినా కొత్తదానికి చోటు చాలలేదట.

భార్గవన్ తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి, తెర చూశాడు. ఆమె మొహం చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పాతది తీసి దాచావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

రౌటరు దీపాలు మామూలుగానే పచ్చగా మెరుస్తున్నాయి. అదే ఆమెకు అర్థం కాలేదు. "నడుస్తోంది కదా చేట్టా?"

"నడుస్తుంది. లేచినప్పుడు కార్డు మొత్తం ఒకసారి చదివేసుకుంటుంది. ఆ తర్వాత కరెంటు ఉన్నంతసేపూ దానికంతా గుర్తే." అతను కిటికీలోంచి వాన చూశాడు. "కరెంటు పోయి మళ్లీ వస్తే మాత్రం, తన పేరు కూడా దానికి తెలియదు."

యూపీఎస్ బ్యాటరీలు పాతవి. పావుగంట నిలిస్తే గొప్ప. పాత సాఫ్ట్‌వేర్ నకలు ఆఫీసులో ఇంకెక్కడా లేదు. తయారుచేసిన కంపెనీ నుంచి తెప్పించుకోవాలంటే వాళ్లతో ఒప్పందం ఉండాలి, అది సంఘం రెండేళ్ల కిందటే డబ్బు దండగని మానేసింది. ఈ సంగతులన్నీ భార్గవన్ వేళ్ల మీద లెక్కపెడుతుండగానే తలుపు దగ్గర గొడుగు విదిలించిన చప్పుడైంది.

మేనేజరు కురువిళ. క్వార్టర్సు కాంపౌండులోనే ఉన్నాయి. సెలవు రోజున కూడా ఒకసారి వచ్చి చూడందే ఆయనకు కాఫీ అరగదు. పంచె పైకి మడిచి కట్టి, తెరకేసి వంగాడు. ఆ తెర భాష రాకపోయినా పని ఆగిపోయిందని ఆయనకు తెలిసింది.

"ఏమైంది?"

"కార్డు చెరిగిపోయింది సార్" అన్నాడు భార్గవన్.

"ఎవరు చెరిపారు?"

నిమిష నోరు తెరిచింది.

"నేనే సార్. కళ్లజోడు పెట్టుకోలేదు" అనేశాడు భార్గవన్.

కురువిళ ఆమె వైపు చూడను కూడా లేదు. "పధ్నాలుగేళ్ల అనుభవం! సోమవారం కమిటీలో నీ కాంట్రాక్టు ఉంది. నేనేం చెప్పాలో నువ్వే చెప్పు. నీ పని తమకిమ్మంటున్న ఎర్నాకుళం కంపెనీ వాళ్లు కళ్లజోళ్లు పెట్టుకుని వస్తారట!" గొడుగు తెరిచాడు. "సాయంత్రం అయిదింటికి కొలతలు రావాలి. రాకపోతే సోమవారం దాకా కూడా అక్కర్లేదు."

ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఇద్దరూ కదల్లేదు.

"ఎందుకలా చెప్పారు?" నిమిష కళ్లు తుడుచుకుంది.

"నీ ప్రొబేషన్‌కు ఇంకా నాలుగు నెలలుంది. ఎర్ర సిరా పడితే మచ్చ పోదు. నాదేముంది, సంవత్సరానికోసారి ఎలాగూ తీసేసి మళ్లీ పెట్టుకుంటారు." అతను తెర వైపు తిరిగాడు. "ఏడవకు. ఏడ్చేవాళ్లు టైపు చెయ్యలేరు. మేప్పారకు ఫోను చెయ్యి."

మేప్పార అరవై కిలోమీటర్ల దూరం, కొండ మీద. అక్కడి పాల శీతలీకరణ కేంద్రంలో ఇదే రకం రౌటరు, అదే కార్డు, అందులో అదే సాఫ్ట్‌వేర్. దాన్ని లైను మీదుగానే లాగాలని రెండుసార్లు ప్రయత్నించారు. కొలతల చిన్న అంకెలు మోసే లైనది. ఇంత పెద్ద బరువుకు రెండుసార్లూ పావువంతు దగ్గరే తెగింది. ఇక కార్డే రావాలి. హర్తాల్ రోజున రోడ్డు మీద తిరగనిచ్చేవి ఆసుపత్రి బండి, పత్రికల బండి, పాలబండి.

అక్కడ వెన్న శాతం చూసే ఏలిక్కుట్టి ఫోను తీసింది. 'చేచ్చీ', అంటే అక్కా, అని పిలిచి నిమిష జరిగింది చెప్పింది.

"నడుస్తున్న దాంట్లోంచి కార్డు ఊడబీకమంటావా? దాని ప్రాణం పోదూ?"

"పోదు చేచ్చీ. కరెంటు ఉన్నంతసేపూ నడుస్తుంది."

"కరెంటు పోతే?"

"మీదీ ఆగిపోతుంది."

"మా కొండ మీద వానలో కరెంటు సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్నాను."

"బాగుంది వరస! ఇల్లు కాలినవాళ్లొచ్చి, నీ ఇంటి తలుపు ఊడదీసి ఇవ్వమన్నట్టు. ఎవరమ్మా నువ్వు? కొత్తగా చేరినదానివా?"

"అవును చేచ్చీ. తప్పు నాది. కాని మాట భార్గవన్ చేట్టన్ మీద పడింది."



"ఆ పేరు ముందే చెప్పొచ్చుగా" అంది ఏలిక్కుట్టి. "ఆయన్ని నేనెప్పుడూ చూళ్లేదు. గొంతే తెలుసు. పధ్నాలుగేళ్లుగా ఇది చచ్చినప్పుడల్లా ఆ గొంతే లేపింది. ఒక క్రిస్మస్ నాడు గంటన్నర మాట్లాడాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మూత ఎక్కడుంది, చెప్పు."

నిమిష చెప్పింది. వెనక కుడివైపు, పక్కనున్న మీట నొక్కితే కార్డు ముందుకు వస్తుంది, కరెంటు తీగ తగలకూడదు. అవతల ఊపిరి బిగబట్టిన చప్పుడు, తర్వాత చిన్న టిక్కు.

"వచ్చేసింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఏసయ్యా! కుంజుమోన్ పదకొండింటికి బండి తీస్తాడు. తడవకుండా పంపుతాను, నువ్వు బెంగపడకు."

ఒంటిగంటకు భోజనానికి కూర్చున్నారు. భార్గవన్ ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు తెచ్చుకున్నాడు. నిమిష డబ్బా మూత తీసింది. అన్నం మీద గుడ్డు దోసె, దాని మీద టమాటా ముక్కలతో కళ్లు, ముక్కు, నవ్వే నోరు. అన్నం ముద్దయింది. నోరు కాస్త పక్కకు జారి, ఏదో తప్పు చేసినవాడి నవ్వులా ఉంది.

భార్గవన్ గట్టిగా నవ్వాడు. "వీడు మంచివాడే. వంట రాదు గాని మంచివాడు."

ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. పొద్దున ఆ డబ్బా వేడికే ఎంత సంబరపడిందో గుర్తొచ్చి, అదే చేత్తో ఆ మీట నొక్కానని మళ్లీ గుర్తొచ్చింది. "నేను వెళ్లి సార్‌తో చెప్పేస్తాను."

"తిను. చెప్పుకోవడానికి ముందు కార్డు రానీ." దోసె నోటి ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు కూడా లేదు పాపం."

రెండు కావస్తుండగా పాలబండి గేటులోకి వచ్చింది. నిమిష చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తింది. కుంజుమోన్ దిగుతూనే తిట్లు మొదలుపెట్టాడు. కూడలిలో జెండాల వాళ్లు ముప్పావుగంట ఆపారట. బండిలో పాలే ఉన్నాయని మూత తీసి చూపించాలట. తాగి చూస్తామన్నారట.

"కార్డు?" అంది నిమిష.

"కార్డు ఏంటి?"



"ఏలిక్కుట్టి చేచ్చి పంపింది..."

"చేచ్చి రోజూ పంపేవే పంపింది. శాంపిలు సీసాలు. ఇప్పుడే ల్యాబులో ఇచ్చేశాను."

ఏలిక్కుట్టికి తెలిసిన పదిలమైన చోటు ఒక్కటే. ఎండబెట్టిన శాంపిలు సీసాలో కార్డు వేసి, రబ్బరు మూత బిగించి, మైనం పూసి, పైన చీటీ అంటించింది. భార్గవన్ పేరూ రాసింది. ల్యాబు మనిషికి తెలిసిన పద్ధతీ ఒక్కటే. మేప్పార నుంచి ఏ సీసా వచ్చినా చీటీ చదవకుండా చల్లపెట్టెలో పెట్టెయ్యడం. పెట్టేసి తాళం వేసి, హర్తాల్ కదా అని అన్నానికి ఇంటికి నడిచిపోయాడు.

కావలివాడు గొడుగు వేసుకుని వెళ్లి తాళంచెవి తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. పాల సీసాల మధ్య ఒక్కటే తెల్లగా లేదు. అందులోంచి తీసిన కార్డు మంచుముక్కలా ఉంది. బయటి గాలి తగలగానే దాని మీద సన్నగా చెమట పట్టింది.

"తుడవకు" అన్నాడు భార్గవన్. "ఆ సందుల్లోకి తడి పోతే పని సరి. దానంతట అదే ఆరాలి."

రౌటరు పక్కనుంచి వచ్చే వెచ్చటి గాలి ముందు కాగితం పరిచి, దాని మీద కార్డు పెట్టాడు. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. గోడ గడియారం మూడు దాటింది. ఒకసారి లైట్లు మినుకుమన్నాయి. యూపీఎస్ కీచుమని అరిచి ఊరుకుంది. నిమిష భార్గవన్ మణికట్టు గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదు. అతను విడిపించుకోలేదు.

మూడున్నరకు అతను కార్డును చెంపకు ఆనించి చూశాడు, పసిబిడ్డ నుదురు చూసినట్టు. "వెచ్చబడింది. ఇప్పుడు నువ్వు చెయ్యి."

"నేనా?"

"మరి నేనా? నాకు కళ్లజోడు లేదుగా."

నిమిష తమ కార్డు తీసి మేప్పార కార్డు పెట్టింది. అందులో ఉన్నదాన్ని ల్యాప్‌టాప్‌లోకి తీసింది. తెర మీద ఆశ్చర్యార్థకాలు ఒకటొకటే వచ్చాయి. ఇరవై నిమిషాలు. పరిమాణం అంకె అంకెకూ సరిచూసింది. మేప్పార కార్డు తీసి తిరిగి సీసాలో వేసి, మూత బిగించి, కుంజుమోన్ చేతిలో పెట్టింది. "ల్యాబులో ఇవ్వకు అన్నా, నీకు దండం పెడతాను, చేచ్చి చేతికే ఇవ్వు." తర్వాత తమ కార్డు పెట్టి పాతదాన్ని అందులోకి పంపింది. ఫోను రెండుసార్లు మోగింది. చూడలేదు. నాలుగున్నరకు ఆఖరి వరస ముగిసింది.

కురువిళ మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అయిందా?"

"అయింది సార్. ఒకసారి ఆపి లేపి చూడాలి."

"పిచ్చా నీకు? నడుస్తున్నదాన్ని ఆపడమేంటి? అయిదింటికి కొలతలున్నాయి!"

"ఇప్పుడు లేవకపోతే మనం దగ్గరున్నాం సార్. రేపు కరెంటు పోయి లేవకపోతే ఎవరుంటారు?" భార్గవన్ నిమిష వైపు తిరిగాడు. "స్విచ్ ఆపు మోళే."

ఆమె స్విచ్ మీద వేలు పెట్టింది. ఆపింది.

గదిలో అంతసేపూ ఉన్న సన్నటి రొద పోయింది. దీపాలు ఆరాయి. పది లెక్కపెట్టి మళ్లీ వేసింది. పసుపు దీపం. తెర మీద మొదట ఏమీ లేదు. తర్వాత చుక్కల వరస. రౌటరు తన కార్డును తానే చదువుకుంటోంది. ఆ నాలుగు నిమిషాలూ కురువిళ కూడా గొడుగు నీళ్లు చెప్పుల మీద కారుతున్నా కదల్లేదు. పసుపు దీపం ఆరి, పచ్చది వెలిగింది. దాని పక్కది. ఆ పక్కది. తెర మీద కేంద్రాల పేర్లు ఒకటొకటిగా హాజరు పలికాయి. ఆఖరున మేప్పార.

ఇంకా అయిదు కాకముందే మొదటి కొలత వచ్చింది. అది మేప్పారదే. ఏలిక్కుట్టి తొందరపడి పాలు కొలిచినట్టుంది.

పని పుస్తకంలో రాయాల్సింది భార్గవన్ రాసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. నిమిష అది చదివింది. 'ఉదయం 9.40కి నా పొరపాటు వల్ల కార్డు చెరిగినది. భార్గవన్.' గుండ్రటి, ఓపికైన అక్షరాలు. రిజేష్ గేటు బయట స్కూటరు హారన్ కొట్టాడు. ఆమె కలం తీసి, దాని కిందే రాసింది: 'పైన రాసినది నిజం కాదు. ఆ మీట నేను నొక్కాను. బాగుచేయడం ఆయన నేర్పగా చేశాను.' పూర్తి పేరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది. ఇంటికి వెళ్తూ స్కూటరు మీద రిజేష్ వీపుకు మొహం ఆనించి అంతా చెప్పింది.

"ఉద్యోగం పోతుందా?" అన్నాడతను.

"పోవచ్చు."

అతను ఒక గుంతను తప్పించి బండి తిప్పాడు. "పప్పు బాగా కుదిరింది. మూడు విజిల్సే."

ఆమె వాన చప్పుడును మించి నవ్వింది.

శుక్రవారం, శనివారం ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం పదకొండింటికి కురువిళ ఇద్దర్నీ పిలిచాడు. బల్ల మీద పని పుస్తకం తెరిచి ఉంది. భార్గవన్ అందులోని రెండో రాత అప్పుడే మొదటిసారి చూశాడు.

"ఏం పని ఇది?" అని నిమిష మీద విరుచుకుపడ్డాడు. "నిన్ను ఎవరు రాయమన్నారు? నేను ఇంత కష్టపడి..."

"నువ్వు ఆగు" అన్నాడు కురువిళ. "ఒక తప్పుకు ఇద్దరు దొంగలు! పేజీలకు నంబర్లున్నాయి, చింపడానికి లేదు. ఆడిటర్లు అడుగుతారు. కమిటీ నన్నడిగింది, ఏది నమ్మాలి అని." ఆయన రూల్సు పుస్తకం తిప్పి, చిరాగ్గా ఒక చోట వేలు పెట్టాడు. "కాంట్రాక్టు మనిషి సంతకానికి ఈ పుస్తకంలో విలువ లేదు. పధ్నాలుగేళ్లుగా నువ్వు పెట్టినవన్నీ ఉత్త గీతలే. అంటే నువ్వు ఒప్పుకున్న తప్పు కూడా లెక్కలోకి రాదు. మిగిలింది ఈ అమ్మాయిది."



"ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు" అన్నాడు కురువిళ నిమిషతో. "అనుభవం ఉన్న మనిషి దగ్గర శిక్షణ తీసుకోవాలి. అది రూలు. శిక్షణ ఇస్తారా అని ఎర్నాకుళం వాళ్లను అడిగాను. దానికి వేరే రేటు చెప్పారు." ఆ ముక్క చెప్పడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. "కాబట్టి ఇతన్ని కూడా ఉంచక తప్పదు. ముందు ఆరు నెలలు. తర్వాత చూద్దాం. ఇదిగో, ఫారం."

భార్గవన్ ఫారం తీసుకున్నాడు. శిక్షణ పొందేవారి పేరు దగ్గర నిమిష పేరు టైపు చేసి ఉంది. శిక్షణ ఇచ్చేవారి పేరు దగ్గర ఖాళీ. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. తన పేరు ఇంటి పేరుతో సహా రాశాడు. కింది గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"హోదా అని ఉంది సార్. నాకు హోదా ఏదీ లేదు కదా?"

కురువిళ సీలు పెట్టె వెతుక్కుంటూ, "ఏదో ఒకటి రాయి. ఖాళీ ఉంటే ముద్ర వెయ్యకూడదు" అన్నాడు.

భార్గవన్ కలం మూతతో గడ్డం గోక్కున్నాడు. నిమిష వైపు చూశాడు. ఆమె ఏమీ అందించలేదు. అందిస్తే అది తన మాట అవుతుందని ఊరుకుంది. అతను వంగి, గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశాడు: 'రౌటరు చూసుకునేవాడు.'

కురువిళ చదవకుండానే దాని మీద ముద్ర కొట్టాడు. తడి సిరా అంటుకోకుండా ఫారాన్ని రెండు చేతులా పట్టుకుని, దాని మీద మెల్లగా ఊదుకుంటూ, భార్గవన్ గుమ్మం వైపు నడిచాడు. నిమిష ముందుగా వెళ్లి అతనికి తలుపు తెరిచి పట్టుకుంది.